పశువైద్య పరీక్షల కోసం చదివి, నేటికీ మరువలేకపోతున్న విషయం ఏమిటి?

పీలేరు పశువైద్యుడు:
సభ్యులందరికీ నమస్కారం. మొన్న ఇల్లు మారుతూ అటక మీది ట్రంకుపెట్టె దించితే, తిరుపతి పశువైద్య కళాశాలలో చదువుకున్న నాటి నోట్సులు బయటపడ్డాయి. రాత్రుళ్లు మేలుకొని బట్టీపట్టిన వాటిలో నూటికి తొంభై పాళ్లు ఇప్పుడు చదివితే ఎవరో పరాయివాడు రాసినట్టు అనిపించాయి. కొన్ని వాక్యాలు మాత్రం పుట తిప్పకముందే నోటికి వచ్చేశాయి. గుర్రానికి పిత్తాశయం ఉండదు. ఒంటె ఎర్ర రక్తకణం గుండ్రంగా కాక కోలగా ఉంటుంది. పంది చూడికాలం మూడు నెలల మూడు వారాల మూడు రోజులు, అంటే 114 రోజులు. పాతికేళ్ల ఉద్యోగంలో నేను ఒంటె రక్తాన్ని ఒక్కసారి కూడా చూడలేదు, గుర్రానికి వైద్యం చేసింది రెండే రెండు సార్లు. అయినా అవి పోవు. రోజూ పనికివచ్చే మందుల మోతాదులను మాత్రం ఈనాటికీ సీసా మీద ఒకసారి చూసుకున్నాకే సిరంజిలోకి ఎక్కిస్తాను. మీకు అలా అతుక్కుపోయిన విషయం ఏమిటో, అది ఎప్పుడైనా అక్కరకు వచ్చిందో లేదో రాయవలసిందిగా కోరుతున్నాను.

శేషాచలం నీడ:
డాక్టరు గారికి నమస్కారం. మన కళాశాల 1955లో మొదలైంది. నేను అక్కడ చదివి, వేరేచోట చాలాకాలం అనాటమీ చెప్పి, ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నవాణ్ని. ప్రశ్నలు అడిగే కుర్చీలో కూర్చున్నవాడిగా ఒక మాట ఒప్పుకోవాలి. గుర్రం పిత్తాశయం లాంటి ప్రశ్నలను మేము అడిగేది అవి ముఖ్యమైనవని కాదు, జవాబు ఉందో లేదో ఒక్క మాటలో తేలిపోతుందని. కారణం అడిగితేనే విద్యార్థి లోతు తెలుస్తుంది. గుర్రం రోజంతా కొద్దికొద్దిగా మేస్తూనే ఉంటుంది కనుక పిత్తం నిలవ చేసుకోవలసిన అవసరం లేక, కాలేయం నుంచి పేగులోకి నిరంతరం కారుతూ ఉంటుందని చెప్పినవాడికి నేను పూర్తి మార్కులు వేసేవాణ్ని. ఎలుకకూ పావురానికీ కూడా అది లేదని తోకగా చేర్చినవాణ్ని మాత్రం, అంత తొందర వద్దు నాయనా, ఎలుక రోజంతా మేస్తుందనుకుందాం, పావురం మాటేమిటని నిలబెట్టేవాణ్ని.

నాకు ఇష్టమైన ప్రశ్న వేరే ఉండేది. ఆవు గుండెలో, బృహద్ధమని మొదలయ్యే చోట చిన్న ఎముకలు ఉంటాయి. వాటిని ఆస్ కార్డిస్ అంటాము. దాన్ని విద్యార్థి అరచేతిలో పెట్టి, ‘ఇది ఏ కాలిది?’ అని అడిగేవాణ్ని. పదిమందిలో ఎనిమిదిమంది ముందుకాలి మణికట్టు ఎముకల పేర్లన్నీ వరసగా చెప్పుకుంటూ పోయేవారు. గుండె గుర్తొచ్చినవాడి ముఖం చూడాలి!

గాలికుంటు:
శేషాచలం గారూ, ఆ ఎనిమిదిమందిలో నేనూ ఒకణ్ని, కాకపోతే నన్ను అడిగినవారు మీరు కాదు. ఒక్క సవరణకు అనుమతించండి. ఆ ఎముక గొర్రె గుండెలోనూ ఉంటుంది, ఆవుకే ప్రత్యేకం కాదు.

నా మనసులో దిగబడిపోయింది పాలజ్వరం. పేరులో జ్వరం ఉంది, ఒంట్లో జ్వరం లేదు. ఆ పశువు ఉష్ణోగ్రత మామూలుగా ఉండే 101.5 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా తగ్గుతుంది, చెవులు చల్లబడతాయి, ముట్టె ఆరిపోతుంది, పశువు మెడను డొక్క వైపు తిప్పుకొని మత్తుగా పడుకుంటుంది. రెండో ఏడు చదివేటప్పుడు ‘పాలజ్వరంలో ఉష్ణోగ్రత ఎంత ఉంటుంది?’ అని ఒక్క మార్కు ప్రశ్న ఇస్తే, నేను 104 అని ధైర్యంగా రాసి వచ్చాను. జవాబు పత్రాలు తిరిగి ఇచ్చేటప్పుడు మా మాస్టారు నాది తరగతికంతటికీ చదివి వినిపించారు. ఆ ఒక్క మార్కు పోయినందుకే ఆ జబ్బు నాకు జీవితాంతం మిగిలిందని ఇప్పటికీ నా నమ్మకం.

ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే కుప్పం దగ్గరి ఒక పల్లె నుంచి అర్ధరాత్రి పిలుపు వచ్చింది. మూడో ఈత ఈనిన జెర్సీ సంకర ఆవు, ఈని రెండో రోజు. ఇంటివారు జ్వరమనుకొని గోనెపట్టాలు కప్పి, పక్కన కుంపటి పెట్టి కూర్చున్నారు. చెవి పట్టుకున్నాను, చల్లగా ఉంది. జున్నుపాలలోకి కాల్షియం ఒక్కసారిగా తరలిపోయి రక్తంలో తక్కువ పడిందన్నమాట. ఒక చేత్తో స్టెతస్కోపు గుండె మీద ఆనించి పట్టుకొని, కాల్షియం బోరోగ్లూకోనేట్‌ను మెడ నరంలోకి మెల్లగా ఎక్కించాను. తొందరపడితే ఆ మందే గుండెను ఆపేస్తుంది. సీసా ముప్పాతిక అయ్యేసరికి ఆవు త్రేన్చింది, ఒళ్లు వణికింది, పేడ వేసింది, కాసేపటికి లేచి నిలబడింది. ఆ ఇంటి అవ్వ నాకు కర్పూరహారతి ఇవ్వబోతే వద్దనడానికి చాలా అవస్థ పడవలసి వచ్చింది.

చంద్రగిరి పాడిరైతు:
అయ్యలారా, నేను డాక్టరును కాను, ఆరు ఆవులు ఉన్న రైతును. మీ మాటలు చదువుతుంటే ఒక సందేహం వచ్చింది. ఇలా పడిపోయిన ఆవుకు వెనకటి రోజుల్లో పొదుగులోకి సైకిలు పంపుతో గాలి కొట్టి లేపేవారని మా నాయన చెప్పేవాడు. మేము నవ్వేవాళ్లం. అది నిజమేనా?

శేషాచలం నీడ:
మీ నాయనగారు చెప్పింది అక్షరాలా నిజం. నేను చదివిన పుస్తకంలో ఆ పద్ధతికి బొమ్మ కూడా ఉండేది. డెన్మార్కులో యూర్గెన్స్ ష్మిట్ అనే పశువైద్యుడు, జబ్బు పొదుగులోనే పుడుతోందని తలచి, 1897లో పొదుగులోకి పొటాషియం అయొడైడ్ ద్రావణం ఎక్కించి చూశాడు. చావుల సంఖ్య బాగా తగ్గింది. కొద్దికాలానికే మందు లేకుండా ఉత్త గాలి ఎక్కించినా సరిపోతుందని తేలింది. గాలితో బిగిసిన పొదుగులో పాలు ఊరడం ఆగుతుంది, పాలు ఆగితే కాల్షియం అటు జారిపోవడం ఆగుతుంది. కాల్షియం లోటే అసలు కారణమని 1920లలో గాని స్పష్టం కాలేదు. అంటే పాతికేళ్లకు పైగా, కారణం ఒకటి అనుకుంటూ చేసిన వైద్యం మరో కారణం వల్ల పనిచేసింది. పరీక్షలో దీని మీద నేను ఎప్పుడూ ప్రశ్న ఇవ్వలేదు గాని, పాఠంలో చెప్పకుండా ఎప్పుడూ వదలలేదు. ఇప్పుడు ఎవరూ ఆ పని చేయకండి. శుభ్రంగా లేని గొట్టంతో పొదుగువాపు తెచ్చుకోవడం తప్ప వేరే లాభం ఉండదు.

చంద్రగిరి పాడిరైతు:
చాలా సంతోషం. అయితే మా వైపు నుంచి కూడా ఒకటి రాస్తాను, మీ పుస్తకాల్లో ఉందో లేదో మీరే చెప్పాలి. వానలు లేక ఎండి గిడసబారిన జొన్నపైరులోకి, కోసిన మోళ్ల నుంచి తొలి వానకు లేచిన లేత పిలకల మీదికి పశువును వదలకూడదని మా తాత కట్టడి చేసేవాడు. నాము తగులుతుందనేవాడు. నా చిన్నతనంలో పక్కింటివారి పెయ్య అలాగే మేసి, గట్టు దాటకముందే పడి చనిపోయింది.

మూడో ఏడు విద్యార్థిని:
అన్నయ్యగారూ, మీ తాతగారి కట్టడి మా టాక్సికాలజీ పుస్తకంలో ఉంది. లేత జొన్నలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది, అది విడివడితే సైనైడ్ పుడుతుంది. నెమరువేసే పశువుల మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు ఆ విడగొట్టే పనిని చకచకా చేసిపెడతాయి కనుక గుర్రం కన్నా ఆవుకే ప్రమాదం ఎక్కువ. వచ్చే వారం నాకు వైవా, అంటే మౌఖిక పరీక్ష, ఉంది. సైనైడ్ విషంలో రక్తం ఏ రంగు, నైట్రేట్ విషంలో ఏ రంగు అన్నది ప్రతిసారీ తారుమారవుతోంది. పెద్దలు ఎవరైనా గుర్తుండే దారి చెప్పగలరా?

గాలికుంటు:
చెల్లెమ్మా, పుస్తకంలో చెర్రీ ఎరుపు, చాక్లెట్ గోధుమ అని ఉంటుంది. మా రోజుల్లో చెర్రీ పండును మేమెవరమూ కళ్లతో చూడలేదు కాబట్టి మా మాస్టారు కుంకుమ, బెల్లంపాకం అని చెప్పేవారు. నాములో కుంకుమ: రక్తంలో ఆక్సిజన్ నిండుగానే ఉంటుంది, దాన్ని వాడుకొనే శక్తి కణాలకు పోతుంది, అందుకే రక్తం ఎర్రగానే మిగులుతుంది. నైట్రేట్‌లో బెల్లంపాకం: హీమోగ్లోబిన్ మారిపోయి ఆక్సిజన్‌ను మోయనే మోయలేదు. విరుగుడు కూడా దానితోనే కట్టుకో. కుంకుమకు సోడియం థయోసల్ఫేట్, బెల్లంపాకానికి మిథిలీన్ బ్లూ.

పిల్లులవాడ:
ఆ బెల్లంపాకం రక్తాన్ని నేను తిరుపతిలో చూస్తున్నాను, నైట్రేట్ వల్ల కాదు, పారాసెటమాల్ వల్ల. మా తరగతిలో ‘పిల్లికి ఇవ్వకూడని మందు’ అని అర మార్కు ప్రశ్నగా వచ్చిన విషయం ఇది. మనుషుల కాలేయం ఆ మందును వదిలించుకొనే ముఖ్యమైన దారి పిల్లి కాలేయంలో దాదాపు మూసుకుపోయి ఉంటుంది. అందుకే మనకు ఒళ్లునొప్పి తగ్గించే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం పోవడానికి. చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖమూ పాదాలూ వాస్తాయి. విరుగుడు ఎన్-ఎసిటైల్ సిస్టీన్, ఆలస్యం కాకుండా తెస్తేనే. ఇంతవరకు నా దగ్గరికి వచ్చిన వారిలో ఒక్కరు కూడా చెడు తలంపుతో ఇచ్చినవారు కారు. పిల్లి ఒళ్లు వేడిగా ఉందని, పసిబిడ్డకు ఇచ్చినట్టే సగం విరిచి పాలలో కలిపి ఇచ్చారు. పైగా పిల్లి మామూలు ఉష్ణోగ్రతే మనకన్నా ఎక్కువ, ముట్టుకుంటే ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది.

పుంగనూరు వాసి:
నాది నవ్వుకొనే విషయం. ‘అతి పొట్టి పశుజాతి ఏది?’ అన్న ప్రశ్నకు నేను రెండో ఆలోచన లేకుండా పుంగనూరు అని చెప్పాను. 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు, పాలలో 8 దాకా వెన్న శాతం, పలమనేరు పరిశోధన కేంద్రంలో సంరక్షణ, అన్నీ వరసగా చెప్పాను. ఎదురుగా కూర్చున్న ఎక్స్‌టర్నల్, అంటే బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, కేరళవారు. ఆయన ఎంతో మర్యాదగా, ‘వేచూరు పేరు విన్నారా?’ అని అడిగారు. అది వాళ్ల కేరళ పొట్టి ఆవు జాతి. విన్నానని చెప్పడానికి నాకు మనసు ఒప్పలేదు.

పీలేరు పశువైద్యుడు:
ఇంతమంది రాస్తారని అనుకోలేదు. ప్రశ్న వేసినవాణ్ని కనుక నా ప్రాణం మీదికి రాకుండా కాపాడిన జవాబు ఒకటి రాస్తాను. పెథాలజీలో నెగ్రి బాడీస్ అని చదివాము, పిచ్చికుక్క వ్యాధి (రేబిస్) సోకిన మెదడు కణాల్లో సూక్ష్మదర్శినిలో కనిపించే గుర్తులవి. ఇటలీకి చెందిన అడెల్కి నెగ్రి 1903లో వర్ణించినవి. పిచ్చికుక్క మెదడులో అయితే హిప్పోకాంపస్ అనే భాగంలో వెతకాలి, పశువులో అయితే చిన్నమెదడులోని పుర్కింజీ కణాల్లో వెతకాలి. పరీక్షకు అంతే. ఆ పాఠం చెప్పిన మాస్టారు మాత్రం చివర ఒక్క వాక్యం కలిపారు: ‘చొంగ కార్చే ఆవు నోట్లో చెయ్యి పెట్టేముందు, పుర్కింజీ కణాలను తలచుకోండి.’

మామిడికాయల కాలంలో ఒక తోట దగ్గరికి పిలిచారు. ఆవు మేత మానేసింది, నోటివెంట చొంగ తీగలుగా కారుతోంది. గొంతులో మామిడి టెంక అడ్డుపడిందని అందరూ తేల్చేశారు, మన జిల్లాలో అది అరుదైన సంగతి కూడా కాదు. నేను చొక్కా చేతులు మడిచి, నోరు తెరిపించడానికి సిద్ధమయ్యాను. అప్పుడు ఆవు అరిచింది. ఆ అరుపు బొంగురుగా, తెగిపోయినట్టు ఉంది. వెనక కాళ్లు కూడా కొద్దిగా తూలుతున్నాయి. మాస్టారి వాక్యం చెవిలో పడ్డట్టయింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. రెండు నెలల కిందట ఆ తోటలోకి పిచ్చికుక్క వచ్చిందా అని అడిగితే, వచ్చిందని ఒక పిల్లవాడు చెప్పాడు. నాకన్నా ముందే టెంక కోసం నోట్లో చెయ్యి పెట్టి చూసిన ఇంటి పెద్దకొడుకును, అతని తమ్ముణ్ని ఆ పూటే సూదిమందుకు పంపించాను. ఆవు నాలుగో రోజున చనిపోయింది. ఆ ఇద్దరూ ఇవాళ్టికీ సంతలో కనిపిస్తే పలకరిస్తారు.

జూపార్కు దారి:
అక్కరకు రాని విషయం కూడా రాయవచ్చునంటే నాదొకటి. ఊపిరితిత్తుల చుట్టూ క్షీరదాలకు సాధారణంగా ఉండే ఖాళీ చోటు ఏనుగుకు ఉండదు, ఆ చోటంతా కణజాలంతో అతుక్కుపోయి ఉంటుంది. నీళ్లలో మునిగి, తొండం మాత్రం పైకెత్తి గాలి పీల్చే జంతువుకు ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి ఇది వీలని ఒక వివరణ ఉంది. చిన్నప్పుడు ఉత్సవాల్లో ఏనుగును చూసి దణ్ణం పెట్టుకొనేవాణ్ని, ఇప్పుడు దాని పక్కటెముకల వైపు చూస్తున్నాను.

చంద్రగిరి పాడిరైతు:
మరొక ప్రశ్న. శెనక్కాయ చెక్క కొద్దిగా బూజు పట్టితే ఎండబెట్టి పెట్టవచ్చునని అంగడివాడు అంటున్నాడు. మీ పరీక్షల్లో దీని సంగతి ఉందా?

గాలికుంటు:
ఉంది, తప్పకుండా ఉంది, ‘టర్కీ ఎక్స్ జబ్బు’ అన్న విచిత్రమైన పేరుతో ఉంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఎందుకు చనిపోతున్నాయో తెలియక ఆ పేరు పెట్టారు. చివరికి బ్రెజిల్ నుంచి వచ్చిన శెనక్కాయ చెక్కలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు ఉందని, అది విషం తయారుచేసిందని తేలింది. ఆ బూజు పేరు ముక్కలతోనే విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. ఎండబెడితే బూజు చస్తుందేమో గాని విషం పోదు. ఆవు తింటే దాని రూపాంతరం పాలలోకి కూడా వస్తుంది. శెనక్కాయ పండే నేల మీద పుట్టి, ఈ పాఠాన్ని ఇంగ్లండు టర్కీ కోళ్ల పేరుతో చదువుకోవలసి రావడం నాకు అప్పుడూ చిత్రంగా ఉండేది, ఇప్పుడూ అలాగే ఉంది. ఆ చెక్క పారవేయండి.

శేషాచలం నీడ:
ఇంతసేపూ మరువని సరైన జవాబుల గురించే మాట్లాడుకున్నాం. సరైనవిగా మార్కులు తెచ్చిపెట్టి, తర్వాత మారిపోయినవి కూడా నా బుర్రలో అంతే గట్టిగా ఉన్నాయి. రిండర్‌పెస్ట్ అనే పశువుల ప్లేగు మీద పదహారు మార్కుల వ్యాసం నేను నిద్రలో లేపినా రాయగలను: లక్షణాలు, నోటిలో పుండ్లు, పెద్దపేగులో చారలు, టీకా. ఆ జబ్బు భూమి మీద లేదని 2011లో ప్రకటించారు, మశూచి తర్వాత నిర్మూలమైన రెండో జబ్బు అది. నా వ్యాసానికి ఇక రోగి లేడు. అందుకు నాకు కలిగినంత సంతోషం ఏ మార్కులకూ కలగలేదు.

డైక్లోఫెనాక్ సంగతి అలా కాదు. పశువుల నొప్పులకూ వాపులకూ మంచి మందని చెప్పాము, వాడాము. ఆ మందు ఒంట్లో ఉండగా చనిపోయిన పశువును తిన్న రాబందుల మూత్రపిండాలు చెడి అవి రాలిపోతున్నాయని 2004లో పరిశోధన వెలువడింది, 2006లో మన దేశం పశువులకు దాన్ని నిషేధించింది. ఇప్పుడు ఆ స్థానంలో మెలాక్సికామ్ చెబుతున్నారు. మా విద్యార్థి దశలో ఊరి బయట కళేబరం పడితే గంటలో రాబందులు దిగేవి. నేను పాఠం చెప్పిన పుటలో డైక్లోఫెనాక్ ఎదుట ఎర్ర సిరాతో గీసిన అడ్డగీత ఉంది. ఆ గీత గీసింది ఏ రోజో గుర్తులేదు గాని, అంతకుముందు ఎన్ని తరగతులకు దాన్ని గీత లేకుండా చెప్పానో లెక్క మాత్రం గుర్తుంది.

పిల్లులవాడ:
శేషాచలం గారూ, మీరు గీత లేకుండా చెప్పిన తరగతుల్లో నాదీ ఒకటై ఉండవచ్చు. ఆనాడు అందరూ అదే చెప్పారు.

మూడో ఏడు విద్యార్థిని:
పెద్దలందరికీ నమస్కారం. నిన్న వైవా పూర్తయింది. కుంకుమ, బెల్లంపాకం రెండూ నోట్లో సిద్ధంగా పెట్టుకొని వెళ్లాను. ఆ రెండింటి జోలికీ ఎక్స్‌టర్నల్ పోలేదు. ఆస్ కార్డిస్ బల్ల మీదే ఉంది, దాన్నీ అడగలేదు. కోడిపెట్టకు ఏ పక్క అండాశయం పనిచేస్తుందని అడిగారు. ఎడమ పక్కదని చెప్పాను. అది పాడైతే ఏమవుతుందని అడిగారు. కుడి పక్కన అణగి ఉన్నది కొన్నిసార్లు వృషణం లాగా ఎదుగుతుందని, అప్పుడు పెట్టకు పుంజు లక్షణాలు వచ్చి అది కూయవచ్చునని చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి, ‘కూసే పెట్టను మీరు ఎప్పుడైనా చూశారా?’ అన్నారు. చూశానని చెప్పాను. నాకు ఏడేళ్లప్పుడు మా ఊళ్లో ఒక పెట్ట తెల్లవారుజామున కూసిందని, పెట్ట కూస్తే ఇంటికి అరిష్టమని మా అవ్వ ఆ మధ్యాహ్నమే దాన్ని కోసి కూర వండిందని చెప్పాను. ఆయన నవ్వలేదు. ‘కోసినప్పుడు ఎడమ పక్క ఎలా ఉందో చూశారా?’ అని అడిగారు. లేదు సార్, నాకు కాలు ముక్క వేశారు అని చెప్పాను.